ఆదమ్మ గీసిన ఇల్లు

చుట్టుపక్కల కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకు, గ్రంథాలయంలో పేపర్లు చదివేవాళ్లు తుమ్ముతూనే ఉండేవారు. ఆ గదిలోనే ఒక గోడకు ఎర్రమట్టి అలికి, సవర ఆదమ్మ బియ్యప్పిండిలో వెదురుపుల్ల ముంచి బొమ్మలు గీసేది. కొన్నాళ్లు ఇక్కడే ఉండి నీ పని మావాళ్లకు చూపించమ్మా అని, సీతంపేట కొండల నుంచి ఆమెను పిలిపించింది లైబ్రేరియన్ ఫిలిప్ గారు.

ఆదమ్మవాళ్ల సవర తెగలో ఆ బొమ్మ చనిపోయినవాళ్లకు ఇల్లు. పేరు పెట్టి పిలిచి గీస్తారు. ఇక్కడ ఆమె ఎవరినీ పిలవలేదు. ఇంటి గీతల మధ్య చెట్లూ నెమళ్లూ మాత్రం గీసింది.

ఓ పొద్దున ఆమె వచ్చేసరికి గోడమీది ఆ ఇంట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఒక కాలు పొట్టి. పిండి ఇంకా తడిగా ఉంది.

"బాగుందమ్మా. ఎవరితను?" అన్నాడు ఫిలిప్.

"నేను గియ్యలేదు సార్," అంది ఆదమ్మ, గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం తలుపులు వేసే వేళకు గ్రంథాలయ కమిటీ పెద్ద జయరావు బొమ్మలు చూడ్డానికి వచ్చాడు. కరెంటు లేదు. సెల్‌ఫోన్ వెలుగు గోడమీద పడగానే ఆయన ముఖం పాలిపోయింది.

"ఈ కుంటోడి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ."

జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి కొట్టాడు. అడ్డొచ్చిన ఫిలిప్‌ను కడుపులో తన్నాడు.

"జిన్నింగ్ మిల్లులో పాతిపెట్టినోణ్ణి మళ్లీ లేపుతావా?" అంటూ మట్టి గీకే ఇనపరేకు తీసుకుని, బొమ్మ ముఖం మీద బర్రున గీకాడు.

జయరావు చెంప ఎముకదాకా చీలింది.

అరవలేదు. అర్థంకానట్టు చెంప తడుముకున్నాడు. రేకు పట్టిన చెయ్యి మాత్రం ఆగలేదు. బొమ్మ కన్ను పోయింది... ఆయన కన్నూ పోయింది. నెత్తురు చొక్కా తడిపేసి నేలమీదికి కారింది.

"పట్టుకో... నా చెయ్యి పట్టుకో..." అన్నాడు, తాను కొట్టిన మనిషితోనే.

ఆదమ్మ రెండు చేతులా ఆయన మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది. అందులో ఇంకెవరిదో బలం. ఆమె కాళ్లు నెత్తుట్లో జారాయి. రేకు బొమ్మ గొంతు దగ్గరికి పోయింది...

తనే గొంతు కోసుకుని చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. గదికి తాళం పడింది.

మర్నాడు నుదుటికి కుట్లతో ఆదమ్మ శ్రీకాకుళం బస్సెక్కింది. తాడేపల్లి దాటుతుంటే ఫోన్ మోగింది. ఫిలిప్ గారి నంబరు.

"సార్?"

ఆయన గొంతే మాట్లాడింది. తెలుగులో కాదు, సవర భాషలో. ఇన్నాళ్లూ ఆమె ఎంత నేర్పినా ఆయన నోట ఒక్క ముక్క పలకని భాషలో.

"ఇద్దరికి ఇల్లు ఇరుకైపోయింది. ఇంకో గది గియ్యి."