కొంగ గొంతు

ఆదివారం పొద్దున ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పక్క గదిలోంచి మళ్ళీ అదే కథ వినబడింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ వింటూనే ఉంది. దారి తప్పిన ఎలుగుబంటి, ఇల్లు చూపిస్తానంటూ వెంటపడ్డ మాయదారి నక్క, ప్రతిదానికీ నసిగే తాబేలు. భర్త మొదటి భార్య కూతురు, మూడో తరగతి పిల్ల, ఒక్కో జంతువుకి ఒక్కో గొంతు పెట్టి చదువుతుంది. సరిగ్గా ఎలుగు ఏటి ఒడ్డుకి చేరేసరికి టప్పున పుస్తకం మూసేస్తుంది. మర్నాడు మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంతకీ ఏరు దాటిందా లేదా? ఇక ఆమెకు ప్రాణం ఆగలేదు. పిల్ల స్నానానికి వెళ్ళగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మంచం మీది పుస్తకం తీసి, నిలబడే చదవసాగింది.

"నా పుస్తకం ఎందుకు ముట్టుకున్నావ్?" గుమ్మంలో తడి జుట్టుతో పిల్ల.

"ఎలుగు ఏమైందో చూద్దామని..."

"అమ్మ అక్కడిదాకానే చదివింది! ఆ తర్వాత ఎవ్వరూ చదవకూడదు!" పిల్ల పుస్తకం లాక్కుంది.

అరుపు విని తండ్రి గడ్డం నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. "పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది? సారీ చెప్పు."

"దాన్నేం అనకండి. అడక్కుండా తీసింది నేను," అందామె. ఆసుపత్రి మంచం మీద ఒక తల్లి ఆపేసిన పేజీని తాను ఉత్త కథే అనుకుని తిప్పేసింది. "తప్పు నాదేనమ్మా. ఇంక ముట్టుకోను."

వెళ్ళి మళ్ళీ బట్టలు అందుకుంది. కళ్ళు మసకబారి మడత కుదరడం లేదు. కాసేపటికి వెనక నుంచి సన్నగా వినబడింది.

"దాటిందా?"

"నువ్వొచ్చేసరికి ఇంకా ఒడ్డునే ఉంది. అప్పుడే ఓ కొంగ వచ్చి ఎక్కడికని అడిగింది."

"కొంగ కూడా ఉందా?"

పిల్ల వచ్చి పక్కన చతికిలబడింది. పేజీ తిప్పడానికి చాలాసేపు తటపటాయించింది. తిప్పాక, చదవబోయి ఆగిపోయింది. ఏడుపొచ్చేసింది.

"అమ్మ కొంగకి ఏ గొంతూ పెట్టలేదు. అదెలా మాట్లాడుతుందో నాకు తెలీదు."

ఆమె గొంతు సవరించుకుని, ముక్కుతో దీర్ఘం తీసింది. "ఎక్కడికీ... ఎలుగు బావా?"

ఏడుపు మధ్యలోనే పిల్ల ఫక్కున నవ్వింది. "అలా కాదు పిన్నీ! మరీ మేకలా ఉంది. ఇంకొంచెం పొడుగ్గా."

పిన్నీ అన్న మాట ఆ నోట రావడం అదే మొదలు. ఆమె కళ్ళు తుడుచుకుని, మెడ సాగదీసి మళ్ళీ మొదలుపెట్టింది.

నురగ ఆరిపోయిన గడ్డంతో తండ్రి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. "ఇంతకీ దాటిందా?"

"ష్!" అన్నారిద్దరూ ఒక్కసారే.