పోలమ్మ అటక మీది పునుగులు

విరోధికృతు సంవత్సరం, చైత్ర బహుళ తదియ, సోమవారం ఉదయం. మణిదుర్గం కొలువులో జయసింహ మహారాజు, మంత్రి, వడ్రంగి కన్నాచారి, చంకన గంపతో పోలమ్మ అనే పదమూడేళ్ల పిల్ల ఉన్నారు. వారం రోజులుగా రాజ్యంలో ఏ పువ్వూ పరిమళించడం లేదు. తేనెటీగలు వాలక తోటల్లో పిందె కట్టడం ఆగిపోయింది.

తప్పు తనదేనని పోలమ్మ ఒప్పుకొంది. తల్లీ తండ్రీ లేని ఆ పిల్ల ఊరి చివరి పెంకుటింట్లో ఒంటరిగా ఉండేది. అటక మీది అడుగుల చప్పుడుకు విసిగి కన్నాచారిని పిలిపించింది. అతడు పొద్దువాలాక వచ్చి, పైకెక్కి చూడకుండానే చూరు కింది కంతకు పలక బిగించాడు. అటక మీద కూనలు పెట్టిన పునుగుపిల్లి అప్పటికే మేతకు వెళ్లింది; అది వనదేవత పెంచినది, రాజ్యంలోని పూలకు పరిమళం దానివల్లే. మర్నాడు కూనల ఏడుపు విని పోలమ్మ పలక పీకించేసరికి, ఆ తల్లి సువాసనలన్నీ వెంటబెట్టుకుని అడవి చేరిపోయింది.

"నా నిచ్చెన పొట్టిది, దొరా," అని గొణిగాడు కన్నాచారి.

"నీ నిచ్చెన పొట్టిదైతే ఊరందరూ పస్తులుండాలా?" అన్నాడు మంత్రి.

కూనలను తల్లికి అప్పగించి రమ్మన్నాడు రాజు. గంపతో పోలమ్మ ఒక్కతే బయలుదేరింది. ముళ్లపొదలు దారి మూస్తే ఓణీ కూనలకు కప్పి, తన చేతులు గీరుకుపోతున్నా నడిచింది. మూడోనాడు లోయ అంచున ఒక రాక్షసుడు అడ్డు నిలిచాడు.

"ఒంటరిదానివి. ఆ కూనలనివ్వు. నీ ఇంటినిండా అక్కచెల్లెళ్లను ఇస్తాను."

పోలమ్మ గంప మీద చెయ్యి వేసింది. గంపలో రెండు చిన్న గుండెలు కొట్టుకుంటున్నాయి.

"వీటి అమ్మను వీటికి కాకుండా చేసి, నాకు చుట్టాలను తెచ్చుకోలేను మావా," అంది.

వెయ్యేళ్లుగా ఎవరూ అతణ్ణి వరస పెట్టి పిలవలేదు. రాక్షసుడు లోయకు అడ్డంగా వంతెనలా పడుకున్నాడు.

ఆవలి ఒడ్డున చందనవృక్షం మీద తల్లి పునుగు కూర్చుని ఉంది. కూనలను మూతితో తడిమి చూసుకుంది. "మనుషుల మాట గాలికి పోతుంది. వస్తాను గానీ, మా గూడు మూయబోమని రాసిస్తేనే ఉంటాను," అంది.

వాళ్లు తిరిగి వస్తుంటే, నడిచిన దారి పొడవునా పూలు గుబాళించాయి. చూరు కంత మూసేముందు ఎక్కి చూడాలనీ, లోపల కూనలుంటే అవి పెద్దవయ్యేదాకా ఆగాలనీ రాజు శాసనం రాయించి సంతకం చేశాడు. కన్నాచారి కొత్త నిచ్చెన మోసుకొచ్చి మరీ అందులో తన గుర్తు పెట్టాడు. పోలమ్మ తరఫు చుట్టంగా వెంట వచ్చిన లోయ రాక్షసుడు వేసిన వేలిముద్ర సగం కాగితాన్ని ఆక్రమించింది. పోలమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి, అటక మీద కూనల గూటి పక్కన, దూలం సందులో దాచింది.