అత్తమ్మ కిరసనాయిలు స్టవ్

పొద్దున్నే వంటింట్లో పంపు స్టవ్ బుసకొట్టడం మొదలైంది. దాంతోపాటు నల్లటి పొగ. ముందుగదిలో ఫోను పట్టుకుని ఆన్‌లైన్ క్లాసు వింటున్న భావన దగ్గింది. కూలికి చీరకు మెరుపు రాళ్లు అంటిస్తున్న భాగ్యలక్ష్మి, కూతురి దగ్గు విని చేతిపని ఆపింది.

ఆ ఏడాది కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ జ్వరంతో పడ్డారు. వానలు మొదలైనా భాగ్యలక్ష్మికి నీరసం వదల్లేదు. వలసొచ్చిన ఈ ఊళ్లో భర్త నరహరి పనిచేసే, బట్ట నేసే సాంచెల కార్ఖానా ఈమధ్యే మళ్లీ తెరిచారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి అతను చాప మీద ఒత్తిగిలి పడుకున్నాడు. వంట మొత్తం అత్త స్వరాజ్యానిదే. ఆమె వండితేనే కోడలి చేతిలో చీర పూర్తయ్యేది.

"గ్యాసు పొయ్యి మీద గుడ్డ కప్పి పెట్టినవ్. గీ పొగ ఏంది మనకు అత్తమ్మా?"

"నాకు గిదే చేతికి మంచిగుంటది బిడ్డా."

"జ్వరాలకు ముందు నువ్వు గూడ గ్యాసు మీదనే వండితివి గద!"

స్వరాజ్యం గిన్నె మీద మూత సర్దింది. స్టవ్‌కు ఇంకాస్త గాలి కొట్టింది.

కోడలు అన్నది నిజమే. గ్యాసు వచ్చాక ఆ స్టవ్ అటకెక్కింది. జ్వరాలు తగ్గాక స్వరాజ్యమే దాన్ని దింపించి, తోమి, మళ్లీ వెలిగించింది. కిరసనాయిలే దొరకడం లేదు. గ్యాసున్న కార్డులకు రేషన్ దుకాణంలో పోయడం ఎప్పుడో మానేశారు. అయినా ఆమె డబ్బా పట్టుకుని వెళ్లేది. "ఘాస్లేట్ బంద్ హై, మాసీ. అబ్ కౌన్ జలాతా హై?" అంటూ, ఇప్పుడు కిరసనాయిలు ఎవరు వెలిగిస్తున్నారని దుకాణదారు తిప్పి పంపేవాడు. దూరంగా ఉన్న అమ్రోలీ పేట దాకా నడిచి, ఎవరినో బతిమాలి కాస్త తెచ్చుకునేది. అది కల్తీదో ఏమో, బర్నర్‌లో పిన్ను ఎంత పొడిచినా పొగే వచ్చేది.

భావన మళ్లీ దగ్గింది. నరహరి లేచి కూర్చున్నాడు.

"అవ్వా! పిల్ల దగ్గుతుంటే ఇనవడ్తలేదా? మొన్ననే అందరం సావు ముంగట్నుంచి అచ్చినం. ఇంక గీ పొగ మింగాల్నా?"

"అయిపాయె కొడుకా, అన్నం దించుతున్న."

అతను ఇంకేమీ వినలేదు. స్టవ్ చల్లారగానే తీసుకెళ్లి, కింద పాతసామాన్ల బండివాడికి ఇచ్చి వచ్చాడు. స్వరాజ్యం గుమ్మం పట్టుకుని బండి మలుపు తిరిగేదాకా చూసింది.

అప్పట్నుంచి కొత్త తంటా మొదలైంది. "భాగ్యా, జర గ్యాసు ముట్టియ్యరాదు." కాసేపటికి, "భాగ్యా, మంచిగ బందయిందా, జర సూడరాదు." మధ్యలో మళ్లీ పిలుపు. లేచిన ప్రతిసారీ చీర మీద గమ్ము ఆరిపోయేది. ఒకరోజు భాగ్యలక్ష్మికి విసుగొచ్చింది.

"చిన్నపిల్లవా అత్తమ్మా? నిన్న కూర మాడవెడితివి, ఏమన్ననా? నీకు చెయ్యబుద్ధి అయితలేకుంటే చెప్పు. నేనే వండుకుంట."

స్వరాజ్యం ముఖం చిన్నబోయింది. "వద్దు బిడ్డా. నేనే చేస్త," అంది. ఆ తర్వాత పిలవలేదు.

రెండు రోజులయ్యాక మధ్యాహ్నం భాగ్యలక్ష్మి పూర్తయిన చీరలు ఇవ్వడానికి కిందికి వెళ్లింది. తిరిగొస్తూ తలుపు తీసిందో లేదో, ఘాటైన గ్యాసు వాసన ముఖాన కొట్టింది. భావన చాప మీద నిద్రపోతోంది. వంటింట్లో పప్పు పొంగి మంట ఆరిపోయి ఉంది. స్వరాజ్యం తాపీగా గట్టు తుడిచి, మళ్లీ వెలిగించడానికి అగ్గిపుల్ల తీస్తోంది.

"అత్తమ్మా! గియ్యకు!"

భాగ్యలక్ష్మి ఒక్క ఉదుటున వెళ్లి అగ్గిపెట్టె లాక్కుంది. గ్యాసు కట్టేసింది. కిటికీలు తెరిచి, కూతుర్ని చంకనేసుకుని, అత్త చెయ్యి పట్టి వరండాలోకి లాక్కొచ్చింది.

"పిల్లను సంపుదువు గద! గంత వాసనొస్తుంటే తెలుస్తలేదా? ముక్కున్నదా లేదా నీకు?"

స్వరాజ్యం గోడకు చేరగిలబడింది.

"లేదు," అంది. "ముక్కు పోయింది బిడ్డా. జ్వరమొచ్చినప్పుడు పోయి, ఇగ రాలె."

భాగ్యలక్ష్మి ఆమె ముఖంలోకి చూసింది.

"స్టవ్ అయితే బుస్సుమంటది, ఆగితే చెవులకు తెలుస్తది. ఎర్రటి మంట కండ్లకు కనవడ్తది. గ్యాసు పోతుంటే వాసనతోనే గద తెలిసేది? అందుకే గా స్టవ్‌కు గాస్‌నూనె కోసం తిరిగిన."

"మరి చెప్పొద్దా?"

"అప్పుడు నువ్వు లేవలేక పడుంటివి. నరహరికి పని లేకపాయె. నా ముక్కు సంగతి ఎవలకు చెప్పాలె? తర్వాత చెప్దామంటే భయమైంది. గీ ఇంట్ల నేను చేసేది వంటొక్కటే. అది గూడ చేతగాదంటే నేనెందుకు మీకు?" ఆమె నిద్రకళ్లతో చూస్తున్న మనవరాలి పాదం తడుముతూ ఏడ్చింది. "గియ్యాల పిల్లను మింగుదును."

వంట నేనే చేసుకుంటానని తను అన్న మాట భాగ్యలక్ష్మికి గుర్తొచ్చింది. భయపడి పిలిచిన మనిషిని విసుక్కుంది. కూర మాడిందని సాధించింది. కమురు వాసన తెలిస్తే కదా ఆమె దించేది! భాగ్యలక్ష్మి అత్త పక్కన కూలబడి, భుజం మీద తల పెట్టింది.

"నువ్వు ఒక్కదానివే వండకు," అంది. "నేను పక్కన కూసుంట. రాళ్లు అక్కడనే అంటిస్త."

ఇల్లంతా గాలాడాక ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. భాగ్యలక్ష్మి గ్యాసు వెలిగించి చీర ముందేసుకుని కూర్చుంది. స్వరాజ్యం పప్పుకు పోపు పెట్టింది. నూనెలో జీలకర్ర, వెల్లుల్లి చిటపటలాడాయి. ఆమె మూకుడు మీదికి వంగి గట్టిగా గాలి పీల్చింది. తల అడ్డంగా ఊపి, కోడలి వైపు తిరిగింది.

"ఎట్లుంది బిడ్డా వాసన?"

భాగ్యలక్ష్మి చీర పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుని, లేచి అత్త పక్కన నిలబడింది.

"ఎల్లిపాయ ఇంక పచ్చిగనే ఉన్నదత్తమ్మా. జీలకర్ర అయితే మస్తు కమ్మగొస్తుంది... ఆగు... ఆ, ఇప్పుడు. ఇప్పుడు దించు."

స్వరాజ్యం దించింది.