నొక్కినప్పుడల్లా

నేనెంత తెలివైనవాణ్ణంటే, కుడివైపు చూపు సగం పోయేదాకా నాకే తెలియలేదు. గుమ్మాలు నన్ను గుద్దుతున్నాయని గుమ్మాల్నే తిట్టేవాణ్ణి.

గ్లకోమా అన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదట, ఉన్నదాన్ని వాడుకోవడం నేర్చుకోవాలట. ఓ వీఆర్ హెడ్‌సెట్ అంటగట్టాడు. నెలాఖరుకి దాని మార్కుల్లో కుడివైపు తేలకపోతే కారు నడపడం ఖలాస్. బహ్రెయిన్‌లో, అందులోనూ మా రిఫా ఊళ్ళో, కారు లేని మగాడంటే పెరుగు ప్యాకెట్టుకీ పక్కింటివాణ్ణి బతిమాలుకునే ప్రాణి. ఆఫీసు సంగతి చెప్పక్కర్లేదు.

ఆ డబ్బా తలకి తగిలించుకుంటే ఓ చీకటి గది. అక్కడా ఇక్కడా చుక్కలు వెలుగుతాయి. కనబడితే చేతిలో మీట నొక్కాలి. రిటైరయ్యే వయసులో మిణుగురులు పట్టే ఆట! కుడివైపు ఒక్క చుక్క కనబడితే ఒట్టు. అయినా నొక్కేసేవాణ్ణి. యంత్రానికేం తెలుసు, మొద్దు ముండ.

ఆ సాయంత్రం కూడా తెరలు వేసి కూర్చున్నాను. పక్కన మా ఆవిడ హేమావతి. నా డబ్బాలో బొమ్మంతా తన ఫోన్లోనూ కనబడుతుంది. ఏసీ హోరు. ప్లాస్టిక్కూ చెమటా కలిసిన కంపు. కాసేపటికి ఇంకేదో వాసన... సముద్రం వెనక్కి పోయాక తుబ్లీ తీరంలో కొట్టే బురద వాసన.

"ఏవండీ, ఆ కుడి మూల ఎవరు?"

"చుక్క." నొక్కాను.

"చుక్క కాదండీ. ఎవరో ఆడమనిషి. కూర్చునుంది."

"వీళ్ళ మొహానికి బొమ్మలొకటి తక్కువ." మళ్ళీ నొక్కాను.

ఆవిడ గొంతు గుసగుసయిపోయింది. "నొక్కకండి. పిలిస్తే పలికినట్టు... నొక్కినప్పుడల్లా ఇటు జరుగుతోంది."

దెయ్యమట! బహ్రెయిన్‌లో దీనికి వీసా ఎవడిచ్చాడు, పూచీపడ్డ కఫీల్ ఎవడు? నవ్వొచ్చింది. వేలు తీసేశాను.

మీట లోపలికి పోయింది.

మళ్ళీ పోయింది...

కుడి చెంప మీద చల్లగా ఊపిరి.

డబ్బా పీకి పారేశాను. గది మామూలుగానే ఉంది. నాకు కనబడినంత మేర. హేమావతి ఫోను ఎప్పుడో వదిలేసింది. చూపు మాత్రం నా కుడి భుజం పక్కనే ఉంది.

గిర్రున తిరిగాను. గోడ.

"మీతోపాటే తిరిగిందండీ," అంది.

నెలాఖరున డాక్టరు మార్కులు చూసి మురిసిపోయాడు. "కుడివైపు అద్భుతం! హాయిగా నడుపుకోండి."

కారు దగ్గర హేమావతి వెనక తలుపు తీసి కూర్చుంది.

"నేనేమన్నా నీ డ్రైవర్నా? ముందుకి రా."

తలుపేసుకుంది.

ఇక్కడ స్టీరింగు ఎడమవైపు కదా, సిగ్నల్ దగ్గర పక్కనున్న ఖాళీ సీటు మీదుగా కుడి అద్దంలోకి చూశాను. ఎప్పట్లాగే ఏమీ లేదు, బూడిదరంగు మసక. వెనకనుంచి హేమావతి ముందుకి వంగింది. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు, మెల్లగా అంది:

"కాస్త వెనక్కి వాలమ్మా. ఆయనకి అద్దం కనబడాలి."

నా పక్క సీటు కిర్రుమంది.

అద్దం స్పష్టంగా కనబడింది...