జరిపిన గీత

ఉదయం ఏడింటికి డ్యూటీకి బయల్దేరుతూ, నర్సుగా పనిచేసే కూతురు తండ్రి పిక్క మీద నీలం పెన్నుతో ఒక గీత గీసింది. నిన్న కత్తెర మొన గీసుకుపోయిన చిన్న గాటు చుట్టూ కాలు ఎర్రగా కందిపోయింది. అంత చిన్న గాటుకి అంత నొప్పి ఏమిటోనని ఆమెకు లోపల గుబులుగానే ఉంది. ఆసుపత్రికి పోదామంటే ఆయన ససేమిరా అన్నాడు.

"ఎరుపు ఈ గీత దాటితే మాత్రం క్షణం ఆగొద్దు. అమ్మా, గంటకోసారి చూసి ఫోన్ చెయ్యి."

ఆయన దర్జీ. ముప్పై ఏళ్లుగా ఆ కాళ్లతోనే మిషను తొక్కాడు. ఆసుపత్రికి పోతే కాలు తీసేస్తారన్న భయం గుండెల్లో తిష్ట వేసింది. ఆ మాట పైకి చెప్తే ఆయన మొండిఘటం ఎందుకవుతాడు!

ఎనిమిదింటికీ తొమ్మిదింటికీ తల్లి ఫోన్ చేసి గీత దాటలేదంది. పదింటికీ అదే మాట. పదకొండింటికి నొప్పి కూడా పోయిందట, కాలు మొద్దుబారి హాయిగా ఉందట అని సంబరంగా చెప్పింది. కూతురు చేతిలో పని వదిలేసింది. నొప్పి అలా ఉన్నట్టుండి పోయిందంటే చర్మం కింద నరాలు చచ్చిపోతున్నాయేమో. ఉన్నపళంగా అంబులెన్సులో వచ్చింది.

తండ్రి జ్వరంతో మగతగా ఉన్నాడు. పిక్క ఊదారంగుకు తిరిగి బొబ్బలెక్కింది. నీలం గీత ఇప్పుడు మోకాలి దగ్గరుంది. పొద్దున హడావుడిలో ఆమె గీసింది వంకరటింకర గీత. ఇదేమో కాలరు కత్తిరించినంత నున్నగా తిరిగింది.

"ఇది నా గీత కాదు నాన్నా."

తల్లి గీతను ఎరుపు దాటిందా అని చూసింది గానీ, గీత ఎక్కడుందో చూడలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ఆయన తడిగుడ్డతో తుడిచి, బిగుతైన బట్టకి కుట్టు వదులు చేసినట్టు, గీతను పైకి జరిపాడు.

"కాలు తీసేస్తారని..." అన్నాడు.

"కాలు కోసం దాచావు. ఇప్పుడు నువ్వే మాకు దక్కేలా లేవు."

ఆసుపత్రిలో మూడుసార్లు ఆపరేషన్ చేసి చచ్చిన కండను కోసి తీసేశారు. సగం పిక్క పోయింది, ప్రాణం మిగిలింది. అక్కడున్న పది రోజులూ కూతురు అన్నీ చేసింది కానీ ఆయనతో మాట్లాడలేదు.

పదకొండో రోజు పొద్దున ఆయనే పిలిచాడు. కట్టు అంచున కొత్తగా ఎర్రబడింది.

"డాక్టరుకి చెప్పమ్మా. ముందు గీత గియ్యి."

ఆమె పెన్ను తీసి గీసింది. గీత మళ్లీ వంకర పోయింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆనాడు గీత జరిపిన రెండు చేతులూ తెచ్చి కూతురి చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో. వదలకు" అన్నాడు. అప్పుడు ఏడ్చింది ఆమె.