మేకప్ తీయని రాక్షసుడు

"ఆపండి! ముందు ఆ పేపర్ టవల్ పారేయండి!"

హైస్కూల్ హాల్‌వేలో, మంచినీళ్ల కుళాయి దగ్గర మొహం తోముకుంటున్న రాక్షసుడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. మొహం ఒకవైపు ఆకుపచ్చగా ఉంది, రెండోవైపు మిరపకాయలా ఎర్రగా ఉంది.

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీ తెలుగువాళ్ల ఉగాది సంబరాల్లో పిల్లల నాటకం అప్పుడే ముగిసింది. ఎనిమిది మంది పిల్లలు అడవి జంతువులు. వాళ్లను మింగడానికి వచ్చే వికటాసురుడి వేషం వేయాల్సిన పెద్దమనిషికి జ్వరం రావడంతో, కుర్చీలు సర్దడానికి వచ్చిన వేదాంత్‌ని పట్టుకొచ్చి నిలబెట్టారు. ఆ తొమ్మిది మొహాలకూ రంగులు వేసింది వసుమతి. వారమంతా ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. వీకెండ్ వస్తే మాత్రం బ్రష్షులు బయటికి తీస్తుంది.

"నాటకం అవగానే గ్రీన్‌రూమ్‌కి రమ్మన్నాను కదండీ. అది గ్రీజ్ పెయింట్. అలా రుద్దితే మీ తోలు ఊడొస్తుంది గానీ రంగు రాదు."

"మావోడు కార్ స్టార్ట్ చేసి కూసున్నడండీ. ఇంకో నిమిషమైతే నన్నిడిచి పోతడు."

వసుమతి నిట్టూర్చి, బ్యాగ్‌లోంచి సీల్ తీయని చిన్న బాటిల్ తీసి అతని చేతిలో పెట్టింది.

"క్లెన్సింగ్ ఆయిల్. మొహం పొడిగా ఉన్నప్పుడే రాయండి. వేళ్లతో మెల్లగా ఒక నిమిషం. రంగు కరిగాక తడి చేస్తే పాలలా తెల్లగా అవుతుంది. అప్పుడు కడిగేసి, ఫేస్‌వాష్‌తో ఇంకోసారి. ఆ తర్వాత మాయిశ్చరైజర్. మేకప్‌తో మాత్రం పడుకోకండి."

"సరే మేడం. ఎగ్జామ్ ఎప్పుడు?"

నవ్వు పెదవి చివరిదాకా వచ్చింది. వసుమతి దాన్ని అక్కడే ఆపేసింది.

మర్నాడు ఆదివారం. పదకొండింటికి కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. నాటకం గ్రూప్‌లో ఒక ఫొటో. బుగ్గలు ఎర్రగా కంది, ఒక కన్ను బన్నులా వాచిపోయి ఉంది. అది వేదాంత్ అని గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టింది. కింద అతని మెసేజ్.

'నిన్నటి మేకప్‌తో రియాక్షన్ వచ్చింది. ఇంకెవరికైనా ఇట్లయిందా?'

దాని కింద వరసగా పిల్లల తల్లుల ప్రశ్నలు. అవి చదవడం పూర్తికాకుండానే కార్యక్రమం పెద్ద ధనమ్మ ఆంటీ ఫోన్.

"వసుమతీ, ఆ రంగులు ఎక్కడ కొన్నావమ్మా? డేట్ చూశావా? చిన్నపిల్లలమ్మా..."

"చూశానాంటీ," అంది. నిజంగా చూసిందా? పరిగెత్తి కిట్ తెరిచింది. డబ్బా మీద ఇంకా రెండేళ్ల గడువుంది.

ఎనిమిది మంది తల్లులకూ తనే ఫోన్ చేసింది. ఆరో తల్లి, "పాప ఇంకా లేవలేదు, ఉండు చూసొస్తాను," అని ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ రెండు నిమిషాలూ వసుమతి ఫోన్ చెవికి నొక్కిపట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది.

"బానే ఉందమ్మా. బుగ్గ మీద దిండు అచ్చు తప్ప ఏం లేదు."

ఎనిమిది మందీ క్షేమం. అప్పుడు వేదాంత్‌కి చేసింది.

"ఏం పూసిన్రండీ నా మొహానికి?" అతని గొంతు కోపంగా లేదు. భయంగా ఉంది. "కన్ను తెరుసుకుంటలేదు. రేపు పదింటికి నాకు జాబ్ ఇంటర్వ్యూ, ఫైనల్ రౌండ్. ఇన్‌పర్సన్."

"పోస్ట్‌పోన్ చేయమని అడగలేరా?"

"చదువయ్యాక ఇచ్చే ఓపీటీ పర్మిట్ మీద ఉన్న. జాబ్ లేకుండ తొంభై రోజులే ఉండనిస్తరు. డెబ్బై ఒకటి అయిపోయినయ్. పోస్ట్‌పోన్ అంటే వాళ్లు ఇంకొకర్ని చూసుకుంటరు."

వసుమతి కళ్లు మూసుకుంది. మూడేళ్ల కిందట తనూ ఆ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్న మనిషే.

"అడ్రస్ పంపండి. వస్తున్నాను."

రూమ్మేట్ నిధి కారు తీసింది. నిధి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అక్కా, నువ్వు క్రై చేయొద్దు. మేబీ అతనికి అలర్జీ ఉంది," అని దారంతా ఓదార్చింది. వేదాంత్‌ని ఎక్కించుకుని ముగ్గురూ కలిసి అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్లారు. గంటన్నర కూర్చున్నాక డాక్టర్ వచ్చి, వేదాంత్ మొహం మీద లైట్ వేసి చూసింది. రంగు దేనితో తీశావని అడిగింది.

సబ్బూ నీళ్లూ అన్నాడు వేదాంత్.

చర్మం గీరుకుపోయినట్టుంది, ఇంకేమైనా వాడావా అని మళ్లీ అడిగింది డాక్టర్. వేదాంత్ నేల చూపులు చూస్తూ, లేదన్నాడు.

కంటికేమీ ప్రమాదం లేదని చెప్పి ఆమె ఒక క్రీమ్ రాసిచ్చింది. కనుబొమల్లో, రెప్పల మొదట్లో ఇంకా రంగు మిగిలుందనీ, ఈ సాయంత్రమే మామూలు పెట్రోలియం జెల్లీతో మెత్తగా తీసేయమనీ, రుద్దితే మాత్రం ఇంకా వాస్తుందనీ హెచ్చరించింది.

నిధి వాళ్లిద్దర్నీ వేదాంత్ అపార్ట్‌మెంట్ దగ్గర దింపి, క్రీమ్ కోసం ఫార్మసీకి వెళ్లింది. వసుమతి గోరువెచ్చటి నీళ్ల కోసం వంటగదిలోకి నడిచింది. అక్కడే ఆగిపోయింది.

సింక్‌లో గిన్నెలు తోమే స్పాంజ్. దాని గరుకువైపు వికటాసురుడి పచ్చరంగు. పక్కన గిన్నెల సబ్బు. గట్టు మీద తనిచ్చిన క్లెన్సింగ్ ఆయిల్, సీల్ అలాగే ఉంది.

"వేదాంత్‌గారూ," అని పిలిచింది. ఆ పిలుపులోనే అంతా అర్థమైనట్టు అతను గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇదేంటండీ?"

"...బాటిల్ చూసి మా రూమ్మేట్లు నవ్విన్రు. కొత్త పెండ్లికూతురు అన్నరు. నాకు తిక్క లేసింది. సింక్ దగ్గరికొస్తే స్పాంజ్ కనబడ్డది."

"మరి గ్రూప్‌లో పెట్టిన మెసేజ్?"

"పొద్దున అద్దంల చూస్కున్న. మస్తు భయమైంది. ఆ భయంల మీ మీదికి తోసేసిన."

"పోనీ, డాక్టర్ అంతలా అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"మీరు పక్కనే కూసున్నరు," అన్నాడు వేదాంత్ నెమ్మదిగా.

వసుమతి ఒళ్లు మండిపోయింది. ఎనిమిది మంది తల్లులు. ఆరో తల్లి ఫోన్ కింద పెట్టి వెళ్లిన ఆ రెండు నిమిషాలు. "పసిపిల్లలకేమైందోనని పొద్దున్నించీ చచ్చి బతికానండీ నేను," అని మాత్రం అని, బ్యాగ్ భుజాన వేసుకుని తలుపు వైపు నడిచింది.

అతను ఆపలేదు. ఆపే హక్కు లేదని అతనికీ తెలుసు.

తలుపు పిడి మీద చెయ్యి వేసేసరికి ఆమె ఫోన్ మోగింది. గ్రూప్‌లో పచ్చటి స్పాంజ్ ఫొటో.

'తప్పు నాదే. గిన్నెలు తోమే స్పాంజ్‌తో మొహం తోముకున్న. వసుమతిగారు ఇచ్చిన ఆయిల్ సీల్ కూడ తియ్యలే. ఆమె రంగులల్ల ఏ తప్పూ లేదు. నేనే అబద్ధం చెప్పిన. అందరూ మాఫ్ చేయండి.'

మరుక్షణం నవ్వే బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. వచ్చే ఉగాది దాకా ఈ కథ చెప్పుకుని నవ్వుతారని ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి చూసింది. తెరుచుకున్న ఆ ఒక్క కన్నుతో అతను తన ఫోన్‌ను చూస్తూ నిలబడ్డాడు. తలెత్తలేదు.

వసుమతి బ్యాగ్ కింద పెట్టింది.

"కూర్చోండి. ఆ లైట్ కింద."

చేతులు శుభ్రంగా కడుక్కుంది. బ్యాగ్‌లోంచి తీసిన దూదికి జెల్లీ అద్ది, అతని రెప్ప మొదట్లో ఆనించి, కదపకుండా పట్టుకుంది.

"కన్ను మూసుకోండి."

"మూసే ఉంది కదండీ."

"రెండోది!"

మూసుకున్నాడు. ఆమె మనసులో పది లెక్కపెట్టి, దూదిని కిందికి ఒక్కసారి జార్చింది. పచ్చగా వచ్చింది. మళ్లీ కొత్త దూది. అతని ఊపిరి మణికట్టుకు తగులుతుంటే లెక్క ఏడు దగ్గర తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు. "మీరు ఎళ్లిపోయుంటే ఉండేది."

"మాట్లాడకండి. కదులుతోంది."

తలుపు తోసుకుని వచ్చిన నిధి, "అక్కా, క్రీమ్ తెచ్చా..." అని, ఇద్దర్నీ చూసి, "ఓ. నేను కార్‌లో వెయిట్ చేస్తా," అని క్రీమ్ అక్కడే పెట్టి వెళ్లిపోయింది. వసుమతి చెవులు వేడెక్కాయి.

సోమవారం ఆఫీసులో ఆమెకు ఒక్క పనీ సాగలేదు. ఒంటిగంటన్నరకి మెసేజ్ వచ్చింది.

'అయింది. ఫస్ట్ క్వశ్చన్ మొహం గురించే. ఉన్నదున్నట్టు చెప్పిన. ఒకాయన మస్తు నవ్విండు. ఒకామె అస్సలు నవ్వలే.'

ఆ సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ చేశాడు. మొహం చూపించి, ఇప్పుడేం చేయాలని అడిగాడు. ఆమె చెప్పింది. గోరువెచ్చటి నీళ్లు. నురగ తక్కువున్న ఫేస్‌వాష్. టవల్‌తో తుడవడం కాదు, అద్దడం. తడి ఆరకముందే మాయిశ్చరైజర్. మంగళవారం మళ్లీ చేశాడు. బుధవారం, గురువారం కూడా. తన మేకప్ తనూ అప్పుడే తీసుకుంటూ, రెండు బాత్రూముల్లో రెండు అద్దాల ముందు, అతని హనుమకొండ నుంచి ఆమె కాకినాడ దాకా కబుర్లు చెప్పుకున్నారు. కంపెనీ నుంచి మాత్రం కబురు లేదు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

శుక్రవారం ఏడైంది. ఏడున్నరైంది. ఫోన్ రాలేదు. ఎనిమిదింటికి కూడా వసుమతి కాటుక తుడవకుండా సోఫాలోనే కూర్చుని ఉంది. చివరికి తనే చేసింది.

అతని వెనకాల మంచం మీద తెరిచిన సూట్‌కేస్, అందులో మడతపెట్టిన చొక్కాలు కనిపించాయి.

"ఏంటది?"

"ఊకనే. ఒకవేళకి." అతను నవ్వబోయాడు, కుదరలేదు. "పద్నాలుగు రోజులున్నయ్. వాళ్లు చెప్పేటట్టు లేరు."

"మొహం కడుక్కున్నారా?" అంది.

"ఇంకెవరికోసం?"

"నా కోసం కడుక్కో!"

అనేశాక గానీ ఏమన్నదో తెలియలేదు. అతను తల ఊపి, బాత్రూమ్‌లోకి నడిచి, ఫోన్‌ను గోడకు ఆనించి, సింక్ వైపు వంగాడు. నీళ్ల చప్పుడు వింటూ వసుమతి తన కళ్లు తుడుచుకుంది. ఆ తడి కాటుకదే అనుకుంది.

శనివారం నుంచి ఏడింటి కాల్ మళ్లీ మొదలైంది. మంగళవారం సాయంత్రం వాన దంచి కొడుతోంది. వసుమతి ఆఫీసు నుంచి వచ్చి మొహమంతా ఆయిల్ రాసుకుని, మస్కారా కరిగించుకుంటోంది. తలుపు చప్పుడైంది. నిధి తాళంచెవి మరిచిపోయి ఉంటుందని, సగం కళ్లు మూసుకునే వెళ్లి తీసింది.

వేదాంత్. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"వచ్చింది," అన్నాడు. "ఆఫర్. వచ్చే సోమవారం జాయినింగ్. నవ్వని ఆమెనే నా మేనేజర్."

వసుమతి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయిల్, మస్కారా కలిసి గడ్డం దాకా జారాయి. "నిజంగా? నిజంగానా?"

"ఒక్కటే. టీమ్ ఇక్కడ లేదు. అల్ఫారెట్టా."

"జార్జియాలోనా?"

"శనివారం ఫ్లైట్."

"కంగ్రాట్స్ అండీ," అంది. మళ్లీ 'అండీ' ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు. "కళ్లు మండుతున్నాయి, కడుక్కొస్తాను," అని బాత్రూమ్ వైపు తిరిగింది.

"వసుమతీ, నేను ఒకటి చెప్పాలె."

"ముందు మొహం కడుక్కోనీ."

వేదాంత్ హాల్లో నిలబడ్డాడు. ఆమె ఏ ఒక్క దశా వదల్లేదు. నీళ్లు తగిలించింది, తెల్లగా అయ్యేదాకా వేళ్లు తిప్పింది, కడిగింది, ఫేస్‌వాష్‌తో మళ్లీ కడిగింది, టవల్‌తో అద్దుకుంది, మాయిశ్చరైజర్ రాసుకుంది. అంతసేపూ చెవి హాలు వైపే ఉంది. అతను ఏం చెప్తాడోనని కాదు. చెప్పకుండా వెళ్లిపోతాడేమోనని. బయటికొచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు, కాళ్ల కింద చిన్న మడుగు.

"ఇప్పుడు చెప్పు."

"నా మొహం మొన్న గురువారమే మంచిగైపోయింది." అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "అయినా రోజూ బాత్రూమ్‌ల ఒక బల్బు తీసేసి కాల్ చేసిన. సరిగ్గ కనబడొద్దని. తగ్గిందని తెలిస్తే నువ్వు ఇంక చాలంటవేమోనని. నువ్వంటే నాకు ఇష్టం. ఈ మాట ఫోన్‌ల చెప్పబుద్ధి కాలే."

వసుమతి వెనక్కి చెయ్యి చాపి పొడి టవల్ అందుకుంది.

"నేను చేసే ఉద్యోగం ఏంటో తెలుసా?"

"టెస్టర్..."

"తప్పులు వెతకడమే నా పని. గురువారం సాయంత్రమే కనిపెట్టాను, నీ మొహం మీద ఒక్క మచ్చ కూడా లేదని."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే నువ్వు కాల్ చేయడం మానేస్తావేమోనని," అంది వసుమతి, చేతిలో ఉన్న టవల్ అతని తడి తల మీద వేస్తూ.