మేడమీది తొట్టి

చీకటి పడ్డాక గ్విలన్ హౌస్ ముందునుంచి మా ఊళ్లో ఎవరూ నడవరు. సముద్రపు గోడ పక్కనే నడుచుకుంటూ వచ్చినవాళ్లు కూడా ఆ ఇల్లు కనబడగానే రోడ్డు దాటి అవతలికి పోతారు. కుక్కల్ని తిప్పేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అక్కడికొచ్చేసరికి కుక్కే తాడు లాక్కుని వెనక్కి తిరుగుతుంది.

పూర్వం అది హోటలు. వేసవిలో సముద్రస్నానాలకొచ్చే జనం దిగేవాళ్లు. హోటలు మూతపడ్డాక దాన్నే పుట్టుకతో మానసిక ఎదుగుదల తక్కువైన కొందరికి ఇల్లుగా మార్చారు. అందరూ నలభై, యాభై ఏళ్లవాళ్లే. అయినా స్నానానికీ, మందులకీ, రోడ్డు దాటడానికీ పక్కన ఒక మనిషి ఉండాలి. కొందరికి మాట సరిగ్గా రాదు. కొందరికి వస్తుంది గానీ, ఆగి వినేవాళ్లు ఉండరు.

ఆ ఇంటికి చెడ్డపేరు తెచ్చింది మేడమీది స్నానాలగది. నడవ చివర, సముద్రం వైపు ఉంటుంది. తొట్టినిండా నీళ్లు పట్టి, సబ్బు కోసం అటు తిరిగి ఇటు చూసేలోగా... నీళ్లుండవు. తొట్టి అడుగు బిరడా ఊడి పక్కన పడి ఉంటుంది. గోడలో గొట్టం గుడగుడమంటూ ఉంటుంది. ఏజెన్సీ నుంచి వచ్చిన ఆయాలు ఒకసారి అది చూశాక మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

నేను ఆ ఇంటి వ్యాను తోలేవాణ్ణి. పొద్దున వాళ్లని పగలు గడిపే సెంటరుకి తీసుకెళ్లి సాయంత్రం దింపేవాణ్ణి. మేడమీద జరిగింది నేను చూడలేదు, అక్కడి ఆయా నెరిస్ చెప్పగా విన్నాను. చివర జరిగింది మాత్రం... సరే, అక్కడికొచ్చాక చెబుతాను.

నెరిస్ మొదట చేపల షెడ్డులో పనిచేసేది. అది మూసేశాక, చలికాలం మొదట్లో, ఇక్కడ చేరింది. గట్టి మనిషి. దేనికీ జడిసే రకం కాదు. పాత ఆయా ఒల్వెన్ మొదటిరోజే ఆమెని పక్కకి పిలిచి, స్నానాలన్నీ కింద షవర్‌లోనే చేయించు, మేడమీద వద్దంది. నెరిస్ నవ్వేసింది. పాత గొట్టాలు, పాత బిరడా, అంతేగా అంది.

తర్వాత కింద షవర్ పాడైంది. బాగుచేయించమని మేనేజరు ప్రోసర్‌ని అడిగితే చేయిద్దామన్నాడు. వారాలు గడిచాయి. సాయంత్రం పూట ఇంకో మనిషి కావాలని అడిగితే, ఇన్నాళ్లూ అందరూ సర్దుకోలేదా అన్నాడు. ఆయన మెత్తగానే మాట్లాడతాడు. అలా మాట్లాడుతూనే ఏదీ చెయ్యడు.

దాంతో స్నానాలు మేడమీదే మొదలయ్యాయి.

ఎమ్రిస్ అని ఒకాయన ఉండేవాడు. భారీ మనిషి, మనసు మాత్రం వెన్న. స్నానమంటే ప్రాణం. అయితే ఫిట్స్ వస్తాయి. అందుకే నీళ్లలో ఉన్నప్పుడు అతణ్ణి ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది.

మొదటిరోజు నెరిస్ అతణ్ణి పైకి తీసుకెళ్తే, గుమ్మంలో ఆగిపోయాడు. తల లోపలికి పెట్టి, ఖాళీ గదిలోకి చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఉన్నావా?"

కాసేపు ఆగాడు... తల ఊపాడు... అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు.

ఎవర్ని అడిగావని నెరిస్ అంటే, టెగ్వెన్‌ని అన్నాడు. టెగ్వెన్ ఎవరంటే, తొట్టి వైపు చూపించాడు. దెయ్యమంటే నవ్వే నెరిస్‌కి ఆ సాయంత్రం నవ్వు రాలేదు.

మర్నాడు ఒల్వెన్‌ని అడిగింది. ఒల్వెన్ టీ కప్పు పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. చాలా ఏళ్ల కిందట టెగ్వెన్ అని ఒక పిల్ల ఇక్కడ ఉండేదట. ఎమ్రిస్‌కి స్నేహితురాలు. భోజనాల దగ్గర ఇద్దరూ పక్కపక్కనే. ఆమెకీ ఫిట్సే. ఒక సాయంత్రం ఆయా ఆమెని తొట్టిలో ఉంచి, కింద ఎవరో తలుపు కొడుతున్నారని వెళ్లింది. తిరిగొచ్చేసరికి అయిపోయింది. ఆ ఫిట్స్ ఎలాగూ వచ్చేవేగా అన్నారు ఆ ఇల్లు నడిపే పెద్దలు. ఆ ఆయా ఊరొదిలి వెళ్లిపోయింది.

ఎమ్రిస్‌కి ఎవరూ నిజం చెప్పలేదు. సమాధి దగ్గరికి తీసుకెళ్లలేదు. టెగ్వెన్ సెలవుకి వెళ్లిందని చెప్పి ఊరుకున్నారు.

"మరి ఆ తొట్టి సంగతి అతనికెలా తెలిసింది?" అంది నెరిస్.

ఒల్వెన్ లేచి కప్పు కడగడం మొదలుపెట్టింది.

డిసెంబరులో ఒక సాయంత్రం పెద్ద తుఫాను పట్టింది. నాలుగింటికే చీకటి. అలలు గోడ దాటి రోడ్డు మీదికి దూకుతున్నాయి. ఒల్వెన్ సెలవులో ఉంది, ఏజెన్సీ మనిషి రాలేదు. నెరిస్ ప్రోసర్‌కి ఫోన్ చేస్తే, గాలి తగ్గాక వస్తాను, ఈలోగా ఎలాగో నెట్టుకురమ్మన్నాడు.

ఆ ఇల్లంతటికీ నెరిస్ ఒక్కతే మిగిలింది.

అప్పుడే ఎమ్రిస్ బట్టలు పాడుచేసుకున్నాడు. సిగ్గుతో మొహం గోడకి తిప్పుకుని నిలబడ్డాడు. అతణ్ణి అలాగే వదిలెయ్యడానికి నెరిస్‌కి మనసొప్పలేదు. కిందున్నవాళ్లని టీవీ ముందు కూర్చోబెట్టి, అతణ్ణి పైకి తీసుకెళ్లింది. తొట్టిలో నీళ్లు కొంచెమే పట్టింది. పక్కనే మోకాళ్లమీద కూర్చుని వీపు రుద్దింది. ఎమ్రిస్ కూనిరాగం తీస్తున్నాడు. ఏమీ జరగలేదు. అంతా మామూలుగానే ఉంది.

కింద నుంచి కేక వినిపించింది.

ఆ ఇంట్లోనే ఉండే డెలిత్ గొంతు అది. ఆకలేసి, ఎవరూ కనబడక, తనే రొట్టె కాల్చుకోబోయిందట. కేక వెనకే పొగవాసన... ఆ వెంటనే అలారం.

నెరిస్ ఎమ్రిస్‌ని లెమ్మంది. లేవలేదు. ఒళ్లంతా సబ్బు. చెయ్యిపట్టి లాగితే జారిపోతున్నాడు. కింద డెలిత్ ఏడుపు ఆగడంలేదు. నెరిస్ నడవలోకొచ్చి సాయం కోసం పిలిచింది. పలకడానికి ఎవరున్నారు?

ఆ క్షణాన బిరడా లాగాలని ఆమెకి తట్టలేదు.

తలుపు బార్లా తెరిచిపెట్టి, కిందికి పరిగెత్తింది.

వంటింట్లో గుడ్డ అంటుకుని ఉంది. దాన్ని సింకులో పడేసి నీళ్లు తిప్పింది. డెలిత్ వేళ్లు కాలాయి. ఆ చేతుల్ని కొళాయి కింద పట్టుకుని, మిగతావాళ్లని బయటి గది నుంచి కదలొద్దని చెబుతోంది. అలారం ఆగింది.

ఆ నిశ్శబ్దంలో... గోడలో గొట్టం గుడగుడమంది.

మేడమీద నీళ్లు పోతున్నాయి.

నెరిస్ ఎలా మెట్లెక్కిందో ఆమెకే గుర్తులేదు. స్నానాలగది తలుపు మూసి ఉంది. పిడి తిప్పింది. కదల్లేదు. లోపల్నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది. ఇనుము మంచుగడ్డలా ఉంది.

"తియ్యండి..." అని గొణిగింది. ఎవర్ని అడుగుతోందో తెలియకుండానే అడిగింది.

పిడి వదులైంది.

తొట్టిలో చుక్క నీళ్లు లేవు. ఎమ్రిస్ పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్లు ఇంకా అదురుతోంది. ఫిట్స్ వచ్చి తగ్గుతున్నాయి. తలుపు వెనక కొక్కేనికి ఉన్న తువ్వాలు మడతపెట్టి అతని తల కింద ఉంది. మొహం పక్కకి, నోట్లోది బయటికి పోయేలా... ఎవరో పని తెలిసినవాళ్లు తిప్పిపెట్టినట్టు ఉంది. బిరడా గది అవతల, కిటికీ గట్టుమీద ఉంది.

కాసేపటికి ఎమ్రిస్ కళ్లు తెరిచాడు. నెరిస్ అతణ్ణి పట్టుకుని ఏడుస్తుంటే, ఆమె భుజం మీదుగా వెనక్కి చూసి ఎవరికో చెప్పాడు.

"కోప్పడకు. తిరిగొచ్చిందిగా."

అలారం సంగతి తెలిసి ప్రోసర్ వచ్చాడు. అంతా విన్నాడు. ఎమ్రిస్ కాలితో బిరడా లాగేసుకుని ఉంటాడన్నాడు. తువ్వాలూ అతనే లాక్కుని ఉంటాడన్నాడు. తర్వాత నెరిస్‌ని మెట్లకింద చీకట్లోకి తీసుకెళ్లి, గొంతు బాగా తగ్గించాడు.

"నువ్వు గదిలోనే ఉన్నావు. సరేనా? అలా అంటే నీకూ మంచిది, నాకూ మంచిది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఇంతకుముందు కూడా ఈ మెట్లకింద ఎవరితోనో ఇలాగే అని ఉంటాడని నెరిస్‌కి అనిపించింది.

ఆమె సరే అనలేదు. ఇలాంటి ఇళ్లని తనిఖీ చేసే ప్రభుత్వం వాళ్ల దగ్గరికి తనే వెళ్లింది. షవర్ సంగతి, మనుషులు చాలని సంగతి, టెగ్వెన్ సంగతి చెప్పింది. ఎమ్రిస్‌ని నీళ్లలో వదిలి వెళ్లింది తనేనని కూడా చెప్పింది. ఉద్యోగం పోతుందనుకుంది. మళ్లీ ఎక్కడా ఈ పని ఇవ్వరనుకుంది. మమ్మల్నందర్నీ పిలిచి అడిగారు. డెలిత్‌నీ, ఎమ్రిస్‌నీ కూడా కూర్చోబెట్టి అడిగారు, మధ్యలో ఆపకుండా విన్నారు. ఆ ఇంట్లో అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు.

వసంతం వచ్చేసరికి ప్రోసర్ లేడు. ఇల్లు వేరేవాళ్ల చేతికెళ్లింది. నెరిస్‌ని మందలించి, మళ్లీ శిక్షణ ఇచ్చి ఉంచుకున్నారు. సాయంత్రాలు మనుషులు నిండుగా ఉంటున్నారు. కింద కొత్త షవర్ వచ్చింది. మేడమీది తొట్టిని పీకేద్దామన్నారు.

పనివాళ్లు వస్తారనగా ఎమ్రిస్ స్నానాలగది గుమ్మంలో చతికిలబడ్డాడు. కదల్లేదు. సెంటరుకి రాడు, తిండి తినడు. కింద నేను వ్యానుతో ఎదురుచూస్తున్నాను. నెరిస్ వెళ్లి పక్కన కూర్చుని, ఏమైందని అడిగింది.

"టెగ్వెన్ ఇంకా లోపలే ఉంది."

"మరి బయటికి రావొచ్చుగా, నాన్నా?"

"నేనొచ్చేదాకా కదలకు అని చెప్పి వెళ్లింది ఆయా. మళ్లీ రాలేదు." ఎమ్రిస్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఇంక లేవొచ్చా అని అడుగుతోంది."

నెరిస్ లేచి, వేడి గొట్టాలమీద ఆరేసిన పెద్ద తువ్వాలు తెచ్చింది. ఖాళీ తొట్టి ముందు నిలబడి, దాన్ని రెండు చేతులా విప్పి పట్టుకుంది.

"లే తల్లీ, స్నానం అయిపోయింది. ఆలస్యమైంది, తప్పు మాదే. రా."

ఏమీ కాలేదు. నెరిస్‌కి తనని చూసి తనకే ఏదోలా అనిపించింది. తువ్వాలు దించేద్దామనుకుంది.

అప్పుడు తువ్వాలు బరువెక్కింది.

ఇది మాత్రం నేను కళ్లారా చూశాను. మెట్లమీద నుంచి నెరిస్ దిగుతోంది. కుడిచెయ్యి పక్కకి చాచి, ఎవరి భుజాలనో చుట్టినట్టు వంచి ఉంది. ఆ చేతిమీద తువ్వాలు నిలువునా తడిసి, నీళ్లు కారుతూ ఉంది. అవతలి పక్క ఎమ్రిస్, మెట్టు చూసుకో, మెట్టు చూసుకో అంటూ వస్తున్నాడు.

"గెథిన్, తలుపు తియ్యి," అన్నాడు నాతో.

వ్యాను పక్కతలుపు తీసి పట్టుకున్నాను. ఎవరూ ఎక్కలేదు. కానీ వ్యాను అటుపక్కకి కాస్త కుంగింది... మనిషి కాలు పెడితే కుంగినట్టు.

ఎక్కడికి పోవాలని అడిగాను. ఎమ్రిస్ వెనకసీటు వైపు తిరిగి అడిగాడు. కాసేపు విన్నాడు. వాళ్లమ్మ దగ్గరికట అని, దారి చెప్పడం మొదలుపెట్టాడు. వంతెన దాటి ఎడమకి... గొర్రెల దొడ్డి దగ్గర పైకి... అటువైపు అతను ఎప్పుడూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఒక్క మలుపు తప్పలేదు.

కొండమీద చివరి ఇంటి ముందు ఆపమన్నాడు. మేం వస్తున్నట్టు ఎవరికీ కబురు లేదు. అయినా గుమ్మంలో ఒక ముసలావిడ శాలువా కప్పుకుని నిలబడి ఉంది. వ్యాను తలుపు తీశాను. ఆవిడ నా వంక చూడలేదు. ఎమ్రిస్ వంకా, నెరిస్ వంకా చూడలేదు. మా మధ్యనున్న ఖాళీ చోటుని చూసి, చెయ్యి చాపింది.

"తల తడి కూడా ఆరలేదేంటే," అంది. "పద, లోపలికి."